బౌషర్‌లో నేను పంచిన హల్వా

నాకు విమానమంటే భయం లేదు. ఒకరింట్లో అతిథిగా ఉండాలంటేనే భయం. చెప్పులు ఎక్కడ విప్పాలో, స్నానాల గదిలో ఏ బకెట్ ముట్టుకోవచ్చో, అందరికంటే ముందు మెలకువ వస్తే లైటు వేయొచ్చో లేదో తెలియని ఇంట్లో నాకు కునుకు పట్టదు. అలాంటిదాన్ని ఒమాన్ వెళ్లి, ముక్కూ మొహం తెలియని గోవా వాళ్లింట్లో ఉండి వచ్చాను. తిరిగొచ్చినప్పటి నుంచి ఆఫీసులో అందరూ ఒంటెలు చూశారా, బంగారం చవకా అని అడుగుతున్నారు. ఒంటెల్ని చూశాను. మన గేదెల్లాగే రోడ్డుకు అడ్డంగా నిలబడి, హారన్ కొడితే మనవైపే విసుగ్గా చూస్తాయి. బంగారం ధర అడిగే తీరిక నాకు దొరకలేదు. ఎందుకు దొరకలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను నిజామాబాద్ జిల్లాలో ఒక మండలంలో డిప్యూటీ తహసీల్దారును. మా తమ్ముడు రాజేందర్ మస్కట్ శివార్లలోని రుసైల్ పారిశ్రామికవాడలో, ఒక ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఒక్కసారి రమ్మని ఏళ్ల తరబడి పిలుస్తున్నాడు. నాకు సెలవు దొరికింది జూలైలో. ఆ ఎండల్లో ఒమాన్ ఎవరు పోతారమ్మా అని మా అటెండరు కూడా నవ్వాడు. తమ్ముడు ఉండేది ఘాలాలో, కంపెనీ ఇచ్చిన రూమ్‌లో, మరో ముగ్గురు మగవాళ్లతో. ఆడవాళ్లను గేటు లోపలికి రానివ్వరు. హోటల్లో దిగుతానంటే వాడు ఒప్పుకోలేదు. తనతో పాటు అదే ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసే కాయ్తాన్ అనే గోవా ఆయన ఇంట్లో నా బస ఖాయం చేశాడు.

బౌషర్: చేపల పులుసు, జాలి చూపు

కాయ్తాన్ గారి ఫ్లాటు బౌషర్‌లో, మూడో అంతస్తులో. తలుపు తీయగానే ఎదురుగా మేరీమాత పటం, దాని ముందు ఎప్పుడూ ఆరని చిన్న నీలి బల్బు. ఇంట్లో ముగ్గురే. కాయ్తాన్, ఆయన భార్య ఫిలోమినా, వాళ్ల ఒక్కగానొక్క కూతురు లవీనా. ఆ అమ్మాయి మస్కట్‌లోనే పుట్టి, డిగ్రీ మాత్రం గోవాలో చదివి, ఇప్పుడు ఇక్కడే ఒక ఇండియన్ స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోంది. ఎండాకాలం సెలవులు కాబట్టి ఇంట్లోనే ఉంది. మా మాటలన్నీ హిందీలో సాగాయి. నా హిందీ నిజామాబాద్‌ది, వాళ్లది గోవాది. రెండూ కలిస్తే దేవుడే దిక్కు అనుకున్నాను కానీ ఇబ్బంది లేకుండానే గడిచింది.

మొదటి రాత్రి భోజనంలో వంజరం ముక్కలతో కొబ్బరి పులుసు, ఎర్రగా కారం కూరి వేయించిన కానాగంత చేపలు. పులుపుకు మనలా చింతపండు కాకుండా కోకం అనే ఎండు పండు వేశారు. నేను తీసుకెళ్లిన సకినాలు, మామిడికాయ తొక్కు బల్ల మీద పెట్టాను. కాయ్తాన్ తొక్కును వేలితో నాకి చూసి, సీసాను తన వైపు లాక్కున్నాడు. నా గుండె కాస్త కుదుటపడింది.

తర్వాత ఆయన నేనేం చేస్తానని అడిగాడు. రెవెన్యూ శాఖలో ఉన్నానని చెప్పాను. మా వైపు ఈ మాట చెబితే ఎదుటివాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. కాయ్తాన్ జాలిగా చూశాడు. "గవర్నమెంటా సిస్టర్? మీరు బాగా చదువుకున్నట్టున్నారే" అన్నాడు.

ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. వాళ్ల ఊళ్లో పెద్దకొడుకు ఓడ ఎక్కుతాడట, రెండోవాడు గల్ఫ్‌కు వస్తాడట, మూడోవాడు ఫాదర్ అవుతాడట. ఈ మూడింటికీ పనికిరానివాడికి ఎమ్మెల్యే ఇంటి చుట్టూ తిరిగితే దొరికేది సర్కారు నౌకరీ. మరి పెద్ద ఆఫీసర్లో అని అడిగాను. వాళ్లు మా వాళ్లు కారు, భాయ్లే అన్నాడు. భాయ్లే అంటే కొంకణిలో బయటివాళ్లని. ఢిల్లీ నుంచో ఎక్కణ్నుంచో బదిలీ మీద వస్తారు, గట్టిగా మూడేళ్లుంటారు, మధ్యాహ్నం ఊరంతా ఎందుకు నిద్రపోతుందో అర్థమయ్యేలోపు వెళ్లిపోతారు. ఆయన తండ్రి చిన్నప్పుడు మేకలు మేపిన గుట్టను అలాంటి ఆఫీసరే ఒకడు ఒక్క సంతకంతో ఇళ్ల స్థలాలకు వదిలేశాడట. ఇప్పుడక్కడ ఈతకొలనులున్న బంగళాలు, గేటు దగ్గర కాపలావాడు. కాయ్తాన్‌ను లోపలికి వెళ్లనివ్వలేదట.

అక్కడి నుంచి బయటివాళ్ల జాబితా మొదలైంది. బంగళాలు కొన్నవాళ్లు, సముద్రం ఒడ్డున సీసాలు పగలగొట్టే టూరిస్టులు, హైదరాబాద్ నుంచి బస్సుల్లో దిగే కుర్రాళ్లు. హైదరాబాద్ దగ్గర ఆయన నాలుక కరుచుకుని, మీ గురించి కాదు సిస్టర్ అన్నాడు. ఫిలోమినా గబగబా నా కంచంలో ఇంకో చేప వేసింది. నేనూ గోవా ఒకసారి బస్సులోనే వెళ్లానని చెప్పలేదు. ముప్ఫయ్యేళ్లుగా ఈ దేశంలో మీరూ బయటివాళ్లే కదా అని నోటి దాకా వచ్చింది. ఆయన పెట్టిన చేప తింటూ ఆ మాట ఎలా అనను? ముల్లు తీసుకుంటూ తల వంచుకుని కూర్చున్నాను.

ఆ మాటలు జరుగుతున్నంతసేపూ లవీనా తల ఎత్తలేదు.

మధ్యాహ్నపు నిద్ర

ఒమాన్‌లో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే చిన్న దుకాణాలన్నీ మూతపడతాయి. మళ్లీ నాలుగింటికే. గోవాలోనూ ఇదే పద్ధతట. తనకు ఈ దేశం మొదటి రోజే నచ్చడానికి కారణం జీతం కాదు, ఈ నిద్రే అని కాయ్తాన్ అంటాడు. నాకు పగలు నిద్ర అలవాటు లేదు. మా ఆఫీసులో ఆ వేళకు వరండా నిండా జనం ఉంటారు. బయట గాలి కూడా కాలుతుంటే, పరాయి ఇంట్లో చప్పుడు చేయకుండా ఎక్కడ కూర్చోవాలో తెలియక వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను.

లవీనా వచ్చి ఎదురుగా కూర్చుంది. మీ ఆఫీసు ఎలా ఉంటుంది ఆంటీ అని మొదలుపెట్టింది. భూమి తగాదాల్లో ఎవరిది నిజమో ఎలా తెలుస్తుంది, పైనుంచి ఫోన్ వస్తే ఏం చేస్తారు, ఇలా ఒకదాని మీద ఒకటి. ఇంత వివరంగా నన్ను మా ఆయన కూడా ఎప్పుడూ అడగలేదు. చివరకు గొంతు తగ్గించి, "మీకు భయమేస్తుందా?" అంది. రోజూ వేస్తుందని చెప్పాను. నవ్వింది. అప్పుడు చెప్పింది, తను సివిల్స్ ప్రిలిమ్స్ రాసిందని, పాసైందని, నెల తిరిగేసరికి మెయిన్స్ అని. మేలో గోవాలో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు పణజీలో రాసిందట.

నాకు ఒళ్లు పులకరించింది. మా జిల్లాలో ఎవరి పిల్లైనా ప్రిలిమ్స్ గట్టెక్కితే ఇంటి ముందు ఫ్లెక్సీ లేస్తుంది, ఎమ్మెల్యే ఫొటో దానికంతట అదే పక్కన వచ్చి చేరుతుంది. హాల్ టికెట్ నంబరు ఇంట్లో నానమ్మకు కూడా నోటికి వచ్చి ఉంటుంది. కాబట్టి ఈ విషయం కన్నవాళ్లకు తెలియకపోవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. ఎవరికీ చెప్పొద్దని ఆ అమ్మాయీ అనలేదు. నిద్ర లేచిన కాయ్తాన్ దగ్గు వినిపించగానే లేచి వెళ్లిపోయింది.

ఘాలా: చర్చి బయట

గల్ఫ్‌లో సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం పూజ కూడా శుక్రవారమే జరుగుతుంది. ఘాలాలోని చర్చికి నన్నూ తీసుకెళ్లారు. తమ్ముడి రూమ్ అక్కడికి దగ్గరే కాబట్టి వాడూ వచ్చాడు. దారిలో హల్వా దుకాణం కనిపిస్తే కారు ఆపించి ఒక డబ్బా కొన్నాను. ఒమానీ హల్వా మన హల్వాలా గట్టిగా ఉండదు. నల్లబెల్లం పాకంలా మెరుస్తూ, కుంకుమపువ్వు, యాలకుల వాసనతో చెంచాకు అంటుకుంటుంది. ఎవరికోసం అని ఫిలోమినా అడిగితే, చెబుతానుగా అని ముసిముసిగా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పూజ అయ్యాక గోవా వాళ్లంతా బయట నీడలో గుంపుగా నిలబడ్డారు. కాయ్తాన్ నన్ను అందరికీ పరిచయం చేశాడు. నేను డబ్బా మూత తీసి ఒక్కొక్కరికీ చెంచాతో పెట్టడం మొదలుపెట్టాను. ఏమిటి విశేషం అని ఎవరో పెద్దాయన అడిగాడు. మా ఊరి పద్ధతిలో, నలుగురికీ వినపడేలా చెప్పాను. "మన లవీనా ప్రిలిమ్స్ పాసైంది కదా. రేపోమాపో కలెక్టరమ్మ."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకావిడ కాయ్తాన్ వైపు తిరిగి, మరి ఆదివారం సంతకాల మాటేమిటి అంది. ఫిలోమినా చేతిలోని హల్వా అలాగే ఉండిపోయింది. లవీనా ముఖం పాలిపోయింది. కాయ్తాన్ మాత్రం తన చేతిలో ఉన్నది నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలి, థాంక్యూ సిస్టర్, చాలా బాగుంది అన్నాడు. నాకు భయం పుట్టింది ఆ థాంక్యూకే. తిట్టి ఉంటే అంత భయపడేదాన్ని కాదు.

వాళ్లు ముగ్గురూ ముందు ఇంటికి వెళ్లారు. తమ్ముడు నన్ను పక్కనున్న టీకొట్టుకు తీసుకెళ్లాడు. కరక్ అనే చిక్కటి టీ కాగితం గ్లాసులో ఇచ్చారు, రెండొందల బైసలు, అంటే మన నలభై అయిదు రూపాయలు. ఇంకో రోజైతే ఆ ధరకే గుండె పట్టుకునేదాన్ని.

"ఏం జేసినవ్ అక్కా నువ్వు," అన్నాడు వాడు. "ఆళ్ల తాతలు పుట్టినప్పుడు గోవా పోర్చుగల్ వాళ్ల చేతుల ఉండె. గందుకే గోవోళ్లకు పోర్చుగల్ పాస్‌పోర్ట్ దొరుకుతది. మడ్గావ్ కెళ్లి ఏజెంట్ వచ్చిండు. ఎల్లుండి ముగ్గురు సంతకాలు పెట్టాలె. పెట్టినంక మన పాస్‌పోర్ట్ వాపస్ ఇచ్చెయ్యాలె. గప్పుడు ఆ పిల్ల కలెక్టర్ పరీక్ష ఎట్ల రాస్తది?"

రాయడానికి వీల్లేదు. కలెక్టరు కావాలంటే భారత పౌరసత్వం ఉండాలని నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఈ తొందర ఎందుకని అడిగితే మిగతాది కూడా చెప్పాడు. స్థానికులకే ఉద్యోగాలివ్వాలన్న నియమం కింద కాయ్తాన్ కుర్చీ వచ్చే ఏడు ఒక ఒమానీ కుర్రాడికి వెళుతోంది. ఇప్పుడు ఆ కుర్రాడికి పని నేర్పుతున్నది కాయ్తానే. గోవాకు తిరిగి వెళ్లడానికి ఆయనకు మనసు లేదు. అక్కడ ఇప్పుడు మాదంటూ ఏముంది అంటాడట. కూతురితో కలిసి యూరప్ వెళ్లిపోవాలని కలలు కంటున్నాడు.

"నీకు దెల్వది గదా, ఫికర్ జెయ్యకు" అన్నాడు తమ్ముడు చివరికి. వాడి ముఖంలోనే బోలెడంత ఫికర్ కనిపిస్తోంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనేమో అనుకున్నాను. వాసాలు లెక్కపెట్టడమే కాదు, ఒకటి ఊడబీకాను కూడా.

ఇద్దరికీ నేనే కావాలి

ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఎవరో పోయినట్టుంది. నేను బట్టలు సర్దుకుని హోటల్‌కు వెళ్లిపోదామని పెట్టె తెరిచాను. లవీనా లోపలికి వచ్చి తలుపు మూసింది. కోప్పడుతుందనుకున్నాను. మంచం మీద కూర్చుని, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో, ఎలా చెప్పాలో తెలియక ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచీ నిద్రపోలేదని, మీరు ఒక్క చెంచాతో తేల్చేశారని అంది. వెళ్లిపోవద్దని, డాడీకి మీ ఉద్యోగం గురించి మంచిగా చెప్పమని బతిమాలింది.

ఆమె వెళ్లిన కాసేపటికి కాయ్తాన్ బాల్కనీలోకి పిలిచాడు. కిందికి చూస్తూ మాట్లాడాడు. అమ్మాయి మీ మాట వింటుంది, మీ ఉద్యోగంలో ఉన్న కష్టాలన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి చాలు అన్నాడు. బెదిరింపులు, బదిలీలు, నాయకుల ముందు నిలబడడాలు. అబద్ధం ఒక్కటి కూడా చెప్పక్కర్లేదు కదా అన్నాడు. నిజమే, అక్కర్లేదు.

కుడితిలో పడ్డ ఎలుక ఎలా ఉంటుందో ఆ రాత్రి నాకు తెలిసింది. మంచి చెబితే తండ్రికి ద్రోహం, చెడు చెబితే కూతురికి. తమ్ముడు రోజూ ఈయన పక్కనే పని చేయాలి. పైగా రెండు వైపులా నేను చెప్పాల్సింది నిజమే.

బిర్కత్ అల్ మౌజ్: నీటి వాటా

శనివారం నిజ్వా వెళ్లాలని ముందే అనుకున్నాం. మానేస్తారని ఆశపడ్డాను. కాయ్తాన్ మాట ఇస్తే తప్పేవాడు కాదు. పొద్దున్నే కారు తీశాడు, తమ్ముడు ముందు, మేం ముగ్గురం ఆడవాళ్లం వెనక. కొండలు చెట్టన్నది లేకుండా, ఎముకలు తేలినట్టు రెండు వైపులా నిలబడి ఉన్నాయి. ఎవరైనా మాట్లాడితే బాగుండుననీ, ఎవరూ మాట్లాడకపోతే బాగుండుననీ మార్చి మార్చి అనుకున్నాను.

నిజ్వాకు ముందు బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరుంది. ఖర్జూరపు తోటల మధ్య మోకాలి లోతు కాలువ, అద్దంలాంటి నీళ్లు. దీన్ని ఫలజ్ అంటారు. కొండ లోపలి ఊటను సొరంగంలో ఊరి దాకా తెచ్చి, తోట తోటకూ వంతు వేసి పారిస్తారు. అంత ఎండలోనూ నీళ్లు చల్లగా ఉన్నాయి. కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. తెల్లని అంగీలో ఒక ముసలాయన కాలువకు అడ్డంగా పెట్టిన గుడ్డలు తీసి పక్క పాయకు పెడుతున్నాడు. మమ్మల్ని చూసి, పలకరించి, అప్పుడే కోసిన మెత్తని పచ్చి ఖర్జూరాలు పళ్లెంతో తెచ్చి పెట్టాడు. ఎవరు, ఏ ఊరు, ఎందుకొచ్చారు అని తర్వాతే అడిగాడు. కాయ్తాన్ అరబ్బీలో మాట్లాడి మాకు హిందీలో చెప్పాడు. ఎవరి వంతు ఎంతసేపో పూర్వం ఎండ నీడను బట్టి కొలిచేవారట. తగాదా వస్తే తీర్చే మనిషిని ఊరే ఎన్నుకుంటుందట. మా తెలంగాణలోనూ చెరువు కింద నీళ్లు పంచడానికి నీరటి అని ఒకరుండేవారని చెప్పాను. ఇప్పుడు లేరా అని ముసలాయన అడిగితే, ఇప్పుడు బోర్లున్నాయి అని చెప్పించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

కాయ్తాన్‌కు కావలసిన మాట దొరికింది. "చూశారా సిస్టర్, ఊరి నీళ్లు ఊరివాడే పంచాలి. బయటివాడికి ఏం తెలుస్తుంది?"

పొద్దుటి నుంచి మాట్లాడని లవీనా అప్పుడు మాట్లాడింది. "ఊరివాడు ఊళ్లో ఉంటేనే కదా డాడీ. పెద్దనాన్న ఓడ ఎక్కాడు, నువ్వు ఇక్కడికొచ్చావు. ఆ కుర్చీలో కూర్చోవడానికి మన ఇళ్లలోంచి ఒక్కరూ వెళ్లలేదు. మనం వదిలేసిన కుర్చీలోనే వాళ్లు కూర్చున్నారు."

కాయ్తాన్ కూతురివైపు కాకుండా నావైపు తిరిగాడు. ఇది గెలిస్తే గోవాకే పంపుతారా, నిజం చెప్పండి అన్నాడు. నేను ఏ ప్రశ్నకు భయపడుతున్నానో ఆ ప్రశ్నే వచ్చింది. గోవాకు సొంత కేడర్ లేదు. అరుణాచల్, మిజోరం, ఢిల్లీ, అండమాన్, ఇప్పుడు లడఖ్, అన్నిటితో కలిపి ఒకటే. అది కూడా దొరుకుతుందన్న నమ్మకం లేదు. దొరికితే మాత్రం బతుకులో ఎప్పుడో కొన్నాళ్లు గోవా రావచ్చు. లవీనా నా ముఖంలోకే చూస్తోంది. అయినా ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అంటే నా బిడ్డ ఎక్కడికెళ్లినా భాయ్లీనే," అన్నాడు కాయ్తాన్. గెలిచినవాడి గొంతులా లేదది.

"పుట్టినప్పటి నుంచి నేను అదే కదా డాడీ," అంది లవీనా. "నాకు అలవాటే."

ఫిలోమినా కళ్లు తుడుచుకుంది. ముసలాయనకు మా భాష తెలియకపోయినా ఏదో అర్థమైనట్టుంది. ఖర్జూరాల పళ్లెం మళ్లీ మా మధ్యకు జరిపాడు.

నిజ్వా కోట చూశాం. పైకెక్కాను, దిగాను. కోట గోడల మందం, పైనుంచి శత్రువుల మీద వేడి ఖర్జూరపు పాకం పోసే కన్నాలు ఇవన్నీ తమ్ముడు చూపిస్తుంటే ఊ కొట్టాను. ఏదీ మనసుకు ఎక్కలేదు. దిగేటప్పుడు మెట్టు తప్పి పడబోతే పట్టుకున్నది కాయ్తానే. జాగ్రత్త సిస్టర్ అన్నాడు. మాట మామూలుగానే ఉంది. అందుకే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

బౌషర్: ఆదివారం పొద్దున

ఆదివారం అక్కడ పనిదినం. కాయ్తాన్ సెలవు పెట్టాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా మామిడికాయ తొక్కు బ్రెడ్డు మీద రాసుకుని తింటున్నాడు. సీసాలో అడుగునే మిగిలింది. ఇద్దరమే ఉన్నాం. ఒక్క మాట అడుగుతాను సిస్టర్ అన్నాడు. ఇన్నేళ్లలో ఎప్పుడైనా వదిలేయాలనిపించిందా అని.

రాత్రంతా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "భయపడని రోజు లేదన్నా. వదిలేద్దామనుకున్న రోజూ లేదు," అన్నాను. ఆయన్ని అన్నా అనడం అదే మొదటిసారి. అది ఎవరి వైపు మాటో నాకే తెలియదు. కాయ్తాన్ తలూపి, చేతులు కడుక్కున్నాడు.

ఫిలోమినా తయారై వచ్చింది. కాయ్తాన్ తలుపు తీసి నిలబడ్డాడు. లవీనా తన గదిలోంచి వచ్చింది. తల దువ్వుకుంది, మంచి బట్టలే కట్టుకుంది. కానీ కాళ్లకు చెప్పులు లేవు. గడప దగ్గరికి వచ్చి అలాగే ఆగింది. కాయ్తాన్ ఆమె పాదాల వైపు చాలాసేపు చూశాడు. ఇప్పుడు అరుస్తాడు అనుకున్నాను. తమ్ముడు, నా రాక, ఆ హల్వా, అన్నీ కలిసి ఈ ఇంటి మీద ఏ పాపం తెచ్చిపెట్టాయో అని భయపడ్డాను.

"నేల వేడిగా ఉంటుంది," అన్నాడాయన కూతురితో. "లోపలికి వెళ్లు."

భార్యాభర్తలిద్దరూ లిఫ్టులో దిగారు. లవీనా తలుపు మూయకుండా అక్కడే నిలబడి ఉంది. నేను వెళ్లి భుజం మీద చేయి వేశాను.

విమానాశ్రయం దారిలో

నన్ను దింపడానికి తమ్ముడికి డ్యూటీ వల్ల కుదరలేదు. కాయ్తానే వచ్చాడు. సగం దారి దాటాక, ఇద్దరం సంతకాలు పెట్టేశాం అని చెప్పాడు. ఏజెంటు మూడో సంతకం అడిగితే, మా అమ్మాయికి పరీక్ష ఉంది, రాలేదు అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మీసం కింద చిన్న నవ్వు కనిపించినట్టనిపించింది. వెంటనే పోయింది.

"ఇంకో ఏడాదికి ముగ్గురం గోవాలో విమానం దిగుతామనుకోండి," అన్నాడు. "దానిది ఇండియన్ల వరుస. మాది ఫారినర్ల వరుస. ఆ కుర్చీలో కూర్చున్నవాడు నన్ను అడుగుతాడు, మీ ఊళ్లో ఎన్నాళ్లుంటారు అని కూడా కాదు, మా దేశంలో ఎన్నాళ్లుంటారు అని. నా ఊరికి ఇరవై నిమిషాల దూరంలో. అప్పుడు నేను భాయ్లోనే కదా సిస్టర్?"

కాదని అందామనుకున్నాను. సంతకం పెట్టొచ్చిన మనిషికి అబద్ధం ఏం చెప్పను? అన్నా అని మాత్రం అని ఊరుకున్నాను. ఆయనకూ అంతకుమించి అక్కర్లేనట్టుంది.

దిగేటప్పుడు వెనక సీటులోంచి ఒక డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. అదే దుకాణం హల్వా, నేను కొన్నదానికంటే పెద్దది. మీ ఆఫీసులో పంచండి అన్నాడు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి అన్నాను. చర్చి బయట మీరు చెప్పిందే చెప్పండి, కానీ మెయిన్స్ అయ్యేదాకా కాస్త చిన్నగా చెప్పండి అని కారు తిప్పుకున్నాడు.

శంషాబాద్‌లో ఇమ్మిగ్రేషన్ దగ్గర ఇండియన్ల వరుస చాంతాడంత ఉంది. పక్కన ఫారినర్ల వరుసలో పట్టుమని పదిమంది లేరు. అందులో నెరిసిన జుట్టున్న ఒకాయన అచ్చం మన ముఖంతో, చేతిలో వేరే రంగు పాస్‌పోర్టుతో నిలబడి ఉన్నాడు. కౌంటర్‌లోని అమ్మాయి ఏదో అడుగుతుంటే తెలుగులోనే జవాబిస్తున్నాడు. నా వంతు వచ్చింది. ఏళ్ల తరబడి అవతలి వైపు కుర్చీలో కూర్చున్నదాన్ని, ఎందుకో అర్జీదారులా రెండు చేతులతో పాస్‌పోర్టు అందించాను. కుర్రాడు ముఖం చూశాడు, ముద్ర వేశాడు, వెళ్లండమ్మా అన్నాడు. ఎన్నాళ్లుంటారని నన్ను అడగలేదు.